పైడయ్య చుక్క

సుంగై సుమున్ ఊరు దాటాక, ఆయిల్ పామ్ తోటల మధ్య ఒక పాడుబడ్డ దొరబంగళా ఉంది. పొద్దు వాలితే అటు ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో పోయిన తెల్లదొర ఇప్పటికీ సాయంత్రాలు వరండాలో నిలబడి కూలీల హాజరు పిలుస్తాడట. ఆ పిలుపులో తన పేరు విన్నవాడు జ్వరంతో మంచం పడతాడట. నేను నమ్మను. నమ్మను గానీ... వెళ్ళను కూడా.

ఇది మా ఇపో ఊరి రేడియో సంఘంలో కాంతయ్య చెప్పింది. మనిషి కొంచెం కోతలరాయుడు. కానీ ఈ కథలో పరువు పోయింది తనదే కాబట్టి నమ్మొచ్చు.

ఆ బంగళా నీళ్ళ ట్యాంకు మీద మా సంఘంవాడే పైడయ్య పెట్టిన రేడియో పెట్టె ఉంది. మాలో కొందరి కార్లలో ఉండే చిన్న యంత్రాలు 'ఫలానావాడు ఇదిగో ఇక్కడున్నాడు' అని గాలిలోకి చెబుతుంటాయి. ఆ కబురు అందుకుని ముందుకు పంపడమే పెట్టె పని. అప్పుడు ఫోను మ్యాపులో ఆ యంత్రానికి పెట్టిన మనిషి పేరుతో ఒక చుక్క కదులుతుంది. వరదలొస్తే, సాయానికి వెళ్ళిన పడవలు ఎక్కడున్నాయో ఆ చుక్కలే చెప్పాలి.

పైడయ్య గుండెపోటుతో పోయాడు. చూసే దిక్కులేక పెట్టె బ్యాటరీ కూడా పోయింది. వానలు ముంచుకొస్తున్నాయి. ప్రాణస్నేహితుడు కదా, కాంతయ్యకి వెళ్ళక తప్పలేదు.

దారిలో పైడయ్య భార్య తిలగవతి ఇంట్లో ఆగి కొత్త బ్యాటరీ తీసుకున్నాడు. టీ తాగి బయల్దేరేసరికి ఆలస్యమైంది. బంగళా చేరేసరికి చీకటి పడుతోంది.

ట్యాంకు ఎక్కాడు. వరండా వైపు చూడకూడదనుకున్నాడు కాబట్టి, మెడ అటే లాగింది. ఎలాగో బ్యాటరీ బిగించాడు. పెట్టెలో పచ్చదీపం వెలిగింది. పని చేస్తోందో లేదో చూద్దామని ఫోను తీశాడు...

మ్యాపులో ఒకే ఒక్క చుక్క. బంగళా గుమ్మంలో. పక్కన — పైడయ్య పేరు.

దొర హాజరు పిలిచాడు, పైడయ్య పలికాడు అనుకున్నాడట కాంతయ్య. నిచ్చెన ఎలా దిగాడో, కారు ఎలా తీశాడో అతనికే తెలియదు.

మెయిన్ రోడ్డు మలుపులో ఆగి మళ్ళీ ఫోను చూశాడు. చుక్క గుమ్మంలో లేదు. తోటదారిలో... తన వెనకాలే వస్తోంది.

"పెట్టె బాగు సేసినాను గదా పైడన్నా... ఇంకేటి కావాలి? ఎల్లిపో అన్నా..."

వేగం పెంచాడు. పెట్రోలు బంకు దగ్గర చూస్తే చుక్క మలుపు తిరిగింది. అదీ వేగం పెంచింది.

దెయ్యాన్ని వెంటబెట్టుకుని ఇంటికెళితే భార్య గుమ్మం తొక్కనివ్వదు. ఎవరి మనిషిని వాళ్ళకే అప్పగిద్దామని కారు తిలగవతి ఇంటికి పోనిచ్చాడు.

ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో ఫోను.

"వదినా..." కాంతయ్య కారు దిగాడు. "అన్న... నా ఎనకాలే వస్తన్నాడు."

"తెల్సు. సూస్తానే ఉన్నాను లా."

కారు తలుపు తీసి, సీటు కింద చెయ్యి పెట్టి, అగ్గిపెట్టెంత యంత్రం బయటికి లాగింది. పైడయ్యది. అది ఆగి ఆగి కబురు చెబుతుంది; అందుకే చుక్క ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది.

"నువ్వు టీ తాగతంటే నేనే పెట్టినాను. ఆయన ఇల్లు సేరీదాకా రోజూ ఈ సుక్కనే సూస్తా కూసునీదాన్ని. నీ కారులో ఇలాటిది నేదు, ఆ బంగ్లాకి ఒంటిగా ఎల్తన్నావు. నీకేటైనా అయితే ఎవరికి తెలుస్తాది?"

కాంతయ్య ఆ యంత్రాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"అన్న పేరు కనబడితే నీకు బయం ఎయ్యనేదా వదినా?"

"నేదు. మొదట... ఆయనే వస్తన్నాడు అనిపించినాది. ఎంత బాగుండినాదో." కళ్ళు తుడుచుకుంది. తర్వాత నవ్వింది. "మలుపు కాడ ఆ స్పీడు సూసినాక తెలిసిపోయినాది. మీ అన్న ఎప్పుడు అంత స్పీడుగా ఇంటికొచ్చినాడు గనక?"