జాడీల మూతలు

చా యోన్హ్వా అనే ఆ లాయరమ్మే తన భార్య తరఫున విడాకుల కేసు నడిపి కొంప కూల్చిందని ప్యో గిల్సూ పొద్దున్నే మొహం కడుక్కుంటూ కూడా తిట్టుకునేవాడు. ఆ రోజూ తిట్టుకుంటూనే అన్నం వండి, అలవాటు కొద్దీ బల్ల మీద రెండు చెంచాలు పెట్టాడు. ఒకటి తీసి లోపల పడేశాడు.

కూరలోకి జాడీలో ఊరబెట్టిన సోయా ఊట కావలసి పెరట్లోకి వెళ్ళాడు. రాతి అరుగు మీద ఏడు జాడీలు. వాళ్ళమ్మ నాటివి. పాత ఊటలో కొత్తది కలుపుతూ అత్త చేతి నుంచి కోడలి చేతికి వచ్చినవి. మొదటి జాడీ మూత తీస్తే తెల్లటి బూజు దుప్పటిలా కప్పుకుని ఉంది. రెండోదీ అంతే. వాసనకి తల పక్కకి తిప్పుకున్నాడు.

గిన్నెలో కాస్త ముంచుకుని బస్సెక్కాడు. తిన్నగా కోర్టు వీధిలోని ఆఫీసుకెళ్ళి, ఆ గిన్నె లాయరమ్మ ముందు ఠక్కున పెట్టాడు. యోన్హ్వా ఒక్కతే కూర్చుని నూడుల్స్ తింటోంది. అరవై దాటిన మనిషి. విడాకుల కేసు తప్ప మరొకటి పట్టలేదు. ఊళ్ళో మగాళ్ళు ఆవిడకి కత్తెరమ్మ అని పేరు పెట్టారు.

"చూడు లాయరమ్మా, నీ పుణ్యం! వెల్లుల్లి చేను లాక్కుని కుళ్ళు జాడీలు నా మొహాన కొట్టావు."

"కూర్చోండి. తిన్నారా?"

"నా తిండి సంగతి నీకెందుకు? మోసం చేశావు నన్ను."

యోన్హ్వా తినే పుల్లలు పక్కన పెట్టింది. "మీ ఆవిడ వచ్చినప్పుడు ఆస్తి ఎంతుందని నేను అడగలేదు. ఎవరినీ ముందు అది అడగను. 'మీరు చూసుకోకపోతే ఆ ఇంట్లో ఏది పాడైపోతుంది?' అని అడుగుతాను. ఒకాయన ముసలి కుక్క అన్నాడు. ఒకావిడ అత్తగారి కాలి కట్టు అంది. మీ ఆవిడ జాడీలు అంది. అవి చాలు, చేను వద్దంది."

"అవి మా అమ్మవి!"

"కోర్టు రాజీ గదిలోనూ ఇలాగే బల్ల గుద్దారు. కావాలంటే చేను పట్టుకుపొమ్మను, జాడీ మీద చెయ్యేస్తే ఊరుకోనన్నారు. ఓ లాయరుని పెట్టుకోండి, వారం ఆలోచించుకోండి అని నేనే చెప్పానా లేదా?"

చెప్పింది. ఆడదాని సలహా తనకక్కర్లేదని అరిచింది తనే.

"సరే. అసలు మా ఆవిడ ఇల్లొదిలి ఎందుకు పోయిందో చెప్పు. కొట్టానా? తాగానా?"

"లేదు. ఆ ఇంట్లో నేను మాట్లాడేది జాడీలతోనే అంది."

యోన్హ్వా చల్లారిన నూడుల్స్ వైపు చూసి చిన్నగా నవ్వింది. "మా ఇంట్లో అవి కూడా లేవులెండి."

గిల్సూ బూజు గిన్నె తన వైపు లాక్కున్నాడు. "ఆమెని వచ్చి జాడీలు పట్టుకెళ్ళమనండి లాయరుగారూ. చేను తిరిగివ్వక్కర్లేదు."

మర్నాడు విడిపోయిన భార్య మల్సున్ చిన్న ట్రక్కులో వచ్చింది. చేతులు పైకి మడుచుకుని బూజు తీసేసి, వేలితో అద్ది నాలిక మీద రాసుకుంది.

"చావలేదు. కాచి ఉప్పేస్తే బతుకుతుంది. ఏం చేశావు సోరా నాన్నా? వానలో తెరిచి వదిలేశావా?" ఎప్పటిలాగే బిడ్డ పేరుతోనే పిలిచింది.

"అసలు ముట్టుకోనేలేదు."

"అదే మరి. ఎండకి మూత తియ్యాలి, పొద్దుగూకితే మూయాలి. ముప్పై ఏళ్ళు నీ కళ్ళ ముందే చేశాను."

జాడీలు తనే మోశాడు. ఆరోదాన్ని ట్రక్కులో పెట్టి, అటు తిరిగే అడిగాడు. "తిన్నావా, సోరా అమ్మా?"

మల్సున్ చేతులు ఆగిపోయాయి. "ఇన్నాళ్ళకా అడిగేది!" అని తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. అరుగు మీద వదిలేసిన చిన్న జాడీ చూపించింది. "అది నీకు. మూత తీసినప్పుడు దానితో ఏదో ఒకటి మాట్లాడు."

ట్రక్కు మలుపు తిరిగింది. పక్కింటి బాంగ్ గోడ మీంచి తల పెట్టాడు.

"ఏరా గిల్సూ, జాడీలూ పోయాయా? ఇంతకీ నీకు మొత్తం నష్టం ఎంతరా?"

అరుగు మీద జాడీలు తీసిన చోట ఆరు తెల్లటి గుండ్రాలు. గిల్సూ మిగిలిన జాడీ మూత తీసి ఎండకి పెట్టాడు. వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"జాడీలు పోలేదు, నేనే ఇచ్చాను. పోయింది చెరువు కింద వెల్లుల్లి చేను. ఎకరం పైనే, పన్నెండు వందల నలభై ప్యొంగులు."