కొమ్మ లేని చోట

"అమ్మా! అది నా సీటు!"

చిటపట అరిచిన అరుపుకి కింద స్టీరింగ్ ముందున్న డ్రైవర్ మామ ఉలిక్కిపడ్డాడు. ఆ పిల్లకి చిటపట అని పేరు పెట్టింది ఆయనే. ఊరికే పెట్టలేదు మరి.

చిటపట వాళ్లమ్మ, ఊరు చూపించే బస్సులో గైడు. ఆ బస్సు పై అంతస్తుకి కప్పు ఉండదు. అక్కడ మైకు పట్టుకుని నిలబడి, ఏ వీధిలో ఏముందో అందరికీ చెప్పడం అమ్మ పని. సెలవు రోజుల్లో చిటపట కూడా వెంట వస్తుంది. పైన కుడి వైపు మొట్టమొదటి సీటు ఎప్పుడూ తనదే.

ఇవాళ ఆ సీట్లో ఒక పిల్లాడున్నాడు. వాడికి ముందు పళ్లు రెండూ లేవు. ఒళ్లో ఒంటిచెవి కుక్కబొమ్మ ఒకటి. వాళ్ల తాతయ్య మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక కిందే కూర్చున్నాడు.

"ఈ ఒక్క రౌండుకీ బాబుని కూర్చోనివ్వు. ఎందుకంటే..." అని అమ్మ ఏదో చెప్పబోయింది.

చిటపట రెండు చెవులూ మూసుకుంది. మూతి ముడుచుకుని, ఆ పిల్లాడి వెనక సీట్లో ధబ్బున కూలబడింది.

బస్సు బయలుదేరింది.

"ఎడమ వైపు పాత గడియారం చూడండి. అది ఎప్పుడూ ఆలస్యమే. స్కూలుకి లేటయిన పిల్లలందరూ నేరం దాని మీదికే తోసేస్తారు!" అంది అమ్మ మైకులో.

అందరూ నవ్వారు. పిల్లాడైతే పడీ పడీ నవ్వాడు. చిటపటకి ఒళ్లు మండిపోయింది. ఆ జోకు తనది! మొన్న హోంవర్క్ చేసుకుంటూ తనే అమ్మకి చెప్పింది.

అమ్మ ఆ పిల్లాడి వైపు వంగి, "బాగా కనిపిస్తోందా, బంగారం?" అని అడిగింది.

బంగారం! ఆ మాట అమ్మ చిటపటని తప్ప ఇంకెవరినీ అనదు. సీటు పోయింది, జోకు పోయింది, ఆఖరికి ఆ మాట కూడా పోయింది.

బస్సు చెట్ల వీధిలోకి తిరిగింది.

"కొమ్మ వస్తోంది! తలలు వంచండి!" అంది అమ్మ.

అందరూ వంచారు. ఆకులు తలల మీంచి సర్రున పోయాయి. పిల్లాడు తన తలతోపాటు కుక్క తల కూడా వంచి, కిలకిలా నవ్వాడు.

తర్వాతి స్టాపులో కొత్తవాళ్లు ఎక్కుతుంటే అమ్మ మెట్ల దగ్గరికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "కుడి వైపే చూస్తూ ఉండు, సరేనా?" అని పిల్లాడి భుజం తట్టింది.

అబ్బో, వాడికి ప్రత్యేకంగా చెప్పాలి కాబోలు! చిటపట ఇంక ఆగలేకపోయింది. బస్సు కదలగానే, అమ్మ ఇంకా మెట్ల దగ్గరే ఉండగా, ముందుకు వంగింది.

"కొమ్మ వస్తోంది! తల వంచు! నేను చెప్పేదాకా లేవకు!"

గైడు గారమ్మాయి చెబితే నిజమే అయి ఉంటుందనుకున్నాడు పిల్లాడు. కళ్లు గట్టిగా మూసుకుని, కుక్కని పొట్టకి హత్తుకుని వంగిపోయాడు. అక్కడ కొమ్మా లేదు, రెమ్మా లేదు. చిటపటకి భలే నవ్వొచ్చింది.

కుడి పక్కన ఒక పెద్ద తెల్ల బిల్డింగ్ వచ్చింది. మూడో అంతస్తు కిటికీలో ఒక అమ్మాయి నిలబడి గబగబా చెయ్యి ఊపుతోంది. ఒక నర్సు ఆమెని పట్టుకుని ఉంది. హమ్మయ్య, తనకోసం చెయ్యి ఊపేవాళ్లు ఒక్కరైనా ఉన్నారనుకుని చిటపట కూడా హుషారుగా ఊపింది. కానీ ఆ అమ్మాయి ఒక్కో సీటూ వెతుకుతున్నట్టు చూసింది. ఆమె చెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది.

"ఇంక లే," అంది చిటపట.

పిల్లాడు లేచి, "చాలా పెద్ద కొమ్మా? తెల్ల బిల్డింగ్ ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

"వెళ్లిపోయిందిగా. ఎందుకు?"

"అది ఆసుపత్రి. మా అక్క అక్కడే ఉంది. కాలికి ఆపరేషన్ అయింది. చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరంట. ఈ సీట్లోంచి చూస్తే కిటికీ ఎదురుగా ఉంటుందని మీ అమ్మే చెప్పింది. ఇది అక్క కుక్క. బాగా చూసుకుంటున్నానని చూపిద్దామనుకున్నా..."

వాడు వెనక్కి తిరిగి చూశాడు. బిల్డింగ్ చిన్నదైపోయింది. వాడు ఏడవలేదు. "కొమ్మ వచ్చింది కదా, మనమేం చేస్తాం?" అని కుక్కకి సర్దిచెప్పాడు.

చిటపటకి అప్పుడర్థమైంది. ఆ చెయ్యి తనకోసం ఊపింది కాదు. లేచి అమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా... కొమ్మ రాలేదు. నేనే అబద్ధం చెప్పి వాడు తల వంచేలా చేశాను."

అమ్మ మైకు కిందికి దించింది. తిట్టినా బాగుండుననిపించింది చిటపటకి.

"నాకు కాదు, వాడికి చెప్పు," అంది అమ్మ.

చిటపట వెళ్లి వాడికి చెప్పింది. వాడు కుక్కని తీసుకుని కాస్త దూరం జరిగాడు.

అమ్మ వెళ్లి సంగతి చెప్పగానే తాతయ్య కిందనుంచే నర్సుకి ఫోన్ చేశాడు. బస్సు మళ్లీ వచ్చేసరికి అక్కని ఇంకొక్కసారి కిటికీ దగ్గర నిలబెడతానంది నర్సు.

రెండో రౌండులో పైన ఒక్క సీటూ ఖాళీ లేదు. చెట్ల వీధిలో చిటపట, "కొమ్మ వస్తోంది, వంచు!" అంది. పిల్లాడు వంచలేదు. ముందు అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఊపాకే వంచాడు.

ఆసుపత్రి దగ్గర పడుతోంది. చిటపట వెనక్కి చూసింది. అన్నీ తలలే, టోపీలే. ఇంతమందిలో ఆ అక్క వాణ్ని ఎలా వెతుక్కుంటుంది?

"అమ్మా, ఒక్కసారి మైకు ఇస్తావా?"

అమ్మ చిటపట ముఖంలోకి చూసింది. మైకు ఇచ్చింది.

"అందరూ తలలు వంచండి! కొమ్మ లేదు, నిజంగానే లేదు. అయినా వంచండి, ప్లీజ్. ఆ కిటికీలో ఒక అక్క వాళ్ల తమ్ముడి కోసం చూస్తోంది. నువ్వు మాత్రం వంచకు తమ్ముడూ!"

జనం నవ్వుకుంటూనే వంగారు. అమ్మ కూడా చతికిలబడింది. చిటపట అందరికంటే కిందికి వంగింది. తనకి బూట్లూ చెప్పులూ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"అక్కా! అక్కా!" అని పిల్లాడి కేక వినిపించింది. "కుక్కని చూసింది! నవ్వుతోంది!"

వెనక సీట్లో ఒక పెద్దావిడ, "ఇంక లేవచ్చా అమ్మాయ్? నడుం పట్టేస్తోంది," అంది.

"ఇంకొంచెం ఆగండి బామ్మగారూ," అంది చిటపట. "వాడు చెప్పేదాకా లేవకండి."