పాకే అక్షరాల గ్రంథం

కేతవరం రాజ్యంలో ఒక కఠినమైన కట్టడి ఉండేది. పన్నెండేళ్లు నిండినా తాళపత్రం చదవలేని బిడ్డకు శాపం తగిలిందని, ఆ కుటుంబాన్ని పొలిమేర దాటించేవారు. బుట్టలల్లే ఓబులికి ఇక తొమ్మిది రోజులే గడువు. పత్రం పట్టగానే అక్షరాలు చీమల్లా పాకేవి. ఆ మాట చెబితే బడిలో బెత్తం దెబ్బలు, ఇంట్లో తల్లి తిరుపాలమ్మ చీవాట్లు. తల్లి మాత్రం ఏం చేస్తుంది పాపం! మగదిక్కులేని సంసారం. వేళ్లు ఒరుసుకుపోయేదాకా పిల్లచేత ఇసుకలో దిద్దించింది.

ఆ రోజుల్లోనే నల్లకొండ రాక్షసుడి గ్రంథం చదవబోయి యువరాజూ, అతని గురువూ రాళ్లయిపోయారు. విడిపించినవారు కోరింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

“చదువుకున్నోళ్లే రాళ్లయితే నీవల్ల ఏమవుద్దే?” అంది తిరుపాలమ్మ ఏడుస్తూ.

“ఊరొదిలి పోవడం కంటే నయమే కదమ్మా!” అని ఓబులి వెదురు చీల్చే కత్తి నడుముకు దోపుకుని బయలుదేరింది.

మొసళ్ల ఏటిని వెదురు తెప్పమీద దాటింది. అడవిలో పులి అడ్డగించింది. “నా కూన పాడుబావిలో పడింది. తీసిస్తావా, నిన్ను తినమంటావా?” అని గర్జించింది. ఓబులి వెదురు చీల్చి బుట్ట అల్లి, తీగ కట్టి దింపి, కూనను పైకి లాగింది. పులి ఆమెను వీపున ఎక్కించుకుని, కొండమీద రాక్షసుడి కోటలో దించింది.

“చదువు! తడబడితే రాయివే!” అన్నాడు రాక్షసుడు గ్రంథం ఆమె చేతికిస్తూ.

అక్షరాలు పాకసాగాయి. ఓబులి బడిలోలాగే విని గుర్తున్నదేదో అప్పజెప్పబోయింది. ఎదురుగా రాయైన యువరాజు నోరు తెరిచే ఉంది. ఆమె గ్రంథం మూసేసింది.

“నాకు రాదు. అక్షరాలు పాకుతున్నాయి.”

కోట దద్దరిల్లింది. రాళ్లన్నీ మనుషులయ్యాయి.

“ఇందులో అవి ఎవరికైనా పాకుతాయి. రాదనడానికి సిగ్గుపడి అందరూ నోటికొచ్చింది చదివారు. నిజం చెప్పి వీళ్లను విడిపించింది నువ్వే,” అన్నాడు రాక్షసుడు.

“మరి నా శాపం?”

“నీకే శాపమూ లేదు పిల్లా. కొందరి కళ్లకు ఏ అక్షరమైనా అంతే. బుట్ట అల్లడం ఎలా నేర్చావు?”

“తడిమి.”

“అక్షరాన్నీ తడిమి చూడు.”

కొలువులో ఓబులి రాజును ఒక్కటే కోరింది. “ఆ కట్టడి ఎత్తేయండి మహారాజా. వెదురుబద్దలు వంచి అక్షరాలు చేస్తాను. నాలాంటివాళ్లం తడిమి నేర్చుకుంటాం. ఆలస్యమైనా వస్తుంది.”

రాజు సరేనన్నాడు. గురువు తలవంచుకుని, “నేనూ ఆ గ్రంథం ముందు అబద్ధమే చదివానమ్మా,” అన్నాడు. తిరుపాలమ్మ కూతుర్ని పొదువుకుని, “తెలీక తిట్టానే తల్లీ!” అని భోరుమంది.

అప్పుడు జనంలోంచి ఒక చిన్నపిల్ల తండ్రి చెయ్యి విడిపించుకుని వచ్చింది. “అక్కా, నాక్కూడా పాకుతాయి,” అంది. ఆ పిల్ల వెనుక ఇంకొకడు వచ్చాడు. పొద్దు వాలేసరికి పదిహేడుమంది పిల్లలు ఓబులి చుట్టూ చేరారు.