బాబీ ఉపవాసం

"ఎన్నిసార్లు చెప్పాలి హెలెనూ? వాడికి ఏ జబ్బూ లేదు. ఇవాళ శుక్రవారం, అందుకని తినలేదు. అంతే."

"శుక్రవారమని కుక్కకెలా తెలుస్తుంది అత్తయ్యా?"

"మీకు తెలీకపోవచ్చు. బాబీకి తెలుసు."

కాఫీల ముందు మొదలైన గొడవ ఇడ్లీలు ఉడికేదాకా సాగుతూనే ఉంది. శౌరమ్మ పళ్ళెంలో ఇడ్లీలు వేస్తూ కోడలి వైపు చూడటం లేదు. యేసుబాబు తల్లికీ భార్యకీ మధ్య కూర్చుని, చట్నీలో తప్ప ఇంక దేనిలోనూ వేలు పెట్టదలుచుకోనట్టు తలొంచుకుని తింటున్నాడు.

"ఏమండీ, మీరొక మాట చెప్పరేం?" అంది హెలెన్.

"నాకు ఆఫీసు టైమైంది. మీరిద్దరూ తేల్చుకోండి. తేలాక నాకు ఫోన్ చెయ్యండి."

"మీ నాన్న కూడా అంతే," అంది శౌరమ్మ. "ఇల్లు అంటుకున్నా నీళ్ళు ఎవరు పొయ్యాలో మమ్మల్నే తేల్చుకోమనేవాడు."

ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలంలో శుక్రవారాలు ఆ ఇంట్లో నీసు వండరు. మిగతా రోజుల్లో చేపల పులుసుతో మెత్తగా పిసికిన అన్నం తినే బాబీకి, శుక్రవారం మాత్రం రెండు రస్కులు. నిరుటి తపస్సుకాలం నుంచి బాబీ ఆ రస్కుల్ని వాసన చూసి, నోట పట్టి, వదిలేసి, వెళ్ళి మరియమాత పటం కింద పడుకోవడం మొదలుపెట్టింది. శౌరమ్మ మురిసిపోయింది. గుణదలలో వాళ్ళ వీధంతా ఆ మాట పాకింది. ఎదురింటి పెద్దాయన మనవల్ని వెంటబెట్టుకొచ్చి మరీ చూపించాడు. "చూడండ్రా, ఈ కుక్కకున్న భక్తి మీకు లేదు" అన్నాడు. ఆ రోజు శౌరమ్మ పిల్లలందరికీ తలా ఒక చాక్లెట్ ఇచ్చింది.

హెలెన్ మాత్రం ఆ మధ్య ఇంకొకటి గమనించింది. బాబీ నీళ్ళు తాగేటప్పుడు తల ఒక పక్కకి వంచుతోంది. కూతురు డయానా బంతి విసిరితే వెనక పరిగెత్తుతోంది కానీ నోట కరిచి తేవడం లేదు.

"దానికి పదకొండేళ్ళు దాటాయత్తయ్యా. పెద్దవయసు కుక్కల్ని జబ్బున్నా లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించాలని డాక్టరుగారు ఇంజెక్షన్ వేసిన రోజే చెప్పారు. మనం ఒక్కసారైనా వెళ్ళామా? ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టాను. తీసుకెళ్తున్నాను."

"బాగున్నదాన్ని తీసుకెళ్ళి ఏం చూపిస్తావు? వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. అదేగా వాళ్ళ పని!"

హెలెన్ లేచింది. వరండాలోకి వెళ్ళి బాబీ వదిలేసిన రస్కు తెచ్చి అత్తగారి ముందు బల్ల మీద పెట్టింది. దాని అంచున సన్నగా ఎర్రటి చార.

శౌరమ్మ దానివైపు చూసి మొహం తిప్పుకుంది. గరిటె పక్కన పెట్టింది. మళ్ళీ నోరు తెరిచేసరికి ఆమె గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"మీ మావయ్యని కూడా ఊరికే చూపిద్దామనే కదా తీసుకెళ్ళారు? తన కాళ్ళ మీద తను నడిచి ఆటో ఎక్కాడు. ఎలా తిరిగొచ్చాడో నీకు తెలుసు. బాబీని పిల్లప్పుడు చొక్కాలో చుట్టి తెచ్చింది ఆయనే. ఇంట్లో ఆయనదంటూ మిగిలింది ఇదొక్కటే. దీన్ని కూడా ఆటో ఎక్కించమంటావా?"

యేసుబాబు తినడం ఆపేశాడు. డయానా నాయనమ్మ పక్కకొచ్చి నిలబడింది.

హెలెన్‌కి కళ్ళు చెమర్చాయి కానీ పట్టు వదల్లేదు. "మావయ్యని తీసుకెళ్ళినందుకు పోలేదత్తయ్యా. ఆలస్యంగా తీసుకెళ్ళినందుకు పోయారు. కడుపులో మంటంటే నెలల తరబడి సోడా తాగించాం. మీరూ తాగించారు, నేనూ తాగించాను. అప్పుడు నేను గట్టిగా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

 శౌరమ్మ లేచి లోపలికెళ్ళింది. అలిగిందనుకున్నారు. బయటికొచ్చేసరికి ఆమె చీర మార్చుకుని ఉంది. చేతిలో భర్త శౌరయ్య పాత తువ్వాలు.

"పద. ఆటోలో వాడు నా ఒళ్ళోనే కూర్చుంటాడు."

గవర్నర్‌పేటలో పశువుల డాక్టరు పద్మశ్రీ ముందు బల్లెక్కగానే బాబీ వణికింది. శౌరమ్మ దాని వీపు మీద తువ్వాలు కప్పి చెయ్యి తియ్యలేదు. డాక్టరు పెదవి పైకెత్తి, టార్చి వేసి చూసింది. దవడ మీద వేలు పెట్టేసరికి బాబీ కుయ్యిమంది.

"గట్టివి తింటోందాండీ?"

"రోజూ చేపన్నం తింటాడమ్మా. శుక్రవారాలు మాత్రం…" శౌరమ్మ ఆగింది. వీధిలో అంతమందికి గొప్పగా చెప్పిన మాట ఇక్కడ నోట్లోంచి రావడం లేదు. "రస్కులు పెడతాను. తినడు. ఉపవాసం ఉంటున్నాడనుకున్నాం."

డాక్టరు నవ్వలేదు. "వెనక పళ్ళు రెండు వైపులా పుచ్చిపోయాయండీ. చీము పట్టింది. కొరకలేక వదిలేస్తోంది. మెత్తన్నమైతే మింగేస్తుంది కాబట్టి మీకు తెలియలేదు. రక్తం పరీక్ష చేసి, మందులు వాడాక ఆ పళ్ళు తీసేద్దాం. గుండె బాగానే ఉంది, పళ్ళు తీసేస్తే సుఖంగా ఉంటుంది. ఈ వయసులో అవి చెప్పుకోలేవండీ. మనమే వచ్చి చూపిస్తుండాలి."

 తిరుగు ఆటోలో బాబీ తల శౌరమ్మ మోచేతి మీద ఉంది. ఏలూరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నొప్పితో పడుకుంటే భక్తి అనుకున్నాను హెలెనూ. పైగా చాక్లెట్లు పంచాను."

హెలెన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకూ చాక్లెట్ ఇచ్చారు. నేనూ తిన్నానత్తయ్యా."

ఆ సాయంత్రం శౌరమ్మ పెరుగన్నం వెన్నలా పిసికి, కింద కూర్చుని, ముద్ద ముద్దగా బాబీకి తినిపించింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదు. తర్వాత అందరూ పటం ముందు జపమాల చెప్పుకున్నారు. ఆఖరి ప్రార్థన అయ్యి సిలువ గుర్తు వేసుకున్నాక డయానా మెల్లగా అడిగింది.

"నాయనమ్మా, వచ్చే శుక్రవారం ఎదురింటి తాతయ్య పిల్లల్ని తీసుకొస్తానన్నాడు. ఏం చెప్పాలి?"

"పంటి నొప్పని చెప్పు. మీ నాయనమ్మకి తెలియలేదని చెప్పు."

జపమాల మడిచి డబ్బాలో పెట్టి, శౌరమ్మ కొడుకు వైపూ కోడలి వైపూ చూసింది. గొంతు పెంచలేదు.

"అందరూ వినండి. ఫిబ్రవరిలో మన గుణదల కొండ మీద మాత తిరునాళ్ళ అయిన వారంలో ఒకసారి, ఆగస్టు పదిహేను మాత పండుగ అయిన వారంలో ఒకసారి. బాబీ బాగున్నా సరే, బాగోకపోయినా సరే, డాక్టరు దగ్గరికి వెళ్తాడు. హెలెన్ సెలవు పెట్టక్కర్లేదు. నేనే తీసుకెళ్తాను."