ఆరు క్యారమ్ బోర్డులు

లంచ్ బెల్ కొట్టి పది నిమిషాలైంది. రంజిత గబగబా సాంబారన్నం తినేసి, చేతులు కడుక్కుని వరండాలోకి పరుగెత్తింది. అక్కడ ఆమె స్నేహితురాలు మధుమిత అప్పటికే క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లుతోంది.

ఆ బోర్డు చాలా పాతది. ఒక మూల పాకెట్‌కి వల ఊడిపోతే, స్కూల్ ఆయమ్మ నీలం ఊలుతో అల్లి కుట్టింది. మధ్యలో చిన్న గుంట ఉంది. కాయిన్ దాని మీదుగా వెళ్తే కొంచెం పక్కకు తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో రంజితకు బాగా తెలుసు.

రంజిత, మధుమిత ఏడో తరగతి చదువుతున్నారు. చెన్నైలో మింట్ స్ట్రీట్ వెనక సందులో ఉన్న చిన్న తెలుగు స్కూలు వాళ్ళది. చుట్టూ స్టీల్ పాత్రల హోల్‌సేల్ కొట్లు. పాఠం మధ్యలో ఎవరైనా బిందెలు దించారంటే, ఆ మోత ఆగేదాకా టీచర్ కూడా ఆగాల్సిందే. స్కూల్ మొత్తానికి నూట పన్నెండు మంది పిల్లలు. అయినా పోయిన వారం జోనల్ పోటీల్లో అమ్మాయిల డబుల్స్ కప్పు రంజిత, మధుమితలకే వచ్చింది.

కప్పు వచ్చింది కానీ, రంజితకు ఒక విషయం మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఫైనల్లో ఓడిపోయిన పెద్ద స్కూల్ అమ్మాయి, ఆట అయ్యాక వాళ్ళను అడిగింది, "మీ స్కూల్లో ఎన్ని బోర్డులు?" అని. మధుమిత అమాయకంగా ఒకటే అని చెప్పింది.

"ఒణ్ణే ఒణ్ణా?" ఒకే ఒక్కటా అని తమిళంలో అంటూ ఆ అమ్మాయి పక్కవాళ్ళను చూసి నవ్వింది. వాళ్ళూ నవ్వారు.

"ఏమే, ఆడతావా లేదా?" అంది మధుమిత ఇప్పుడు, పౌడర్ చల్లుతూనే.

రంజిత స్ట్రైకర్ అందుకుంది. అంతలో హెడ్‌మిస్ట్రెస్ రాజలక్ష్మి మిస్ ఎవరో కొత్తామెను వెంటబెట్టుకుని వచ్చారు. కొత్తామె చేతిలో నోట్‌బుక్ ఉంది.

"వీళ్ళే మేడమ్, జోనల్ కప్పు తెచ్చిన పిల్లలు" అన్నారు మిస్. తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఈమె శ్రీప్రియ మేడమ్. టి. నగర్‌లో ఒక ట్రస్టు నుంచి వచ్చినారు. చిన్న స్కూళ్ళకు సాయం చేస్తారు" అని చెప్పారు.

ఇద్దరూ లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"మిస్, ఫోను! ఎడ్యుకేషన్ ఆఫీసు నుంచి!" ఆయమ్మ ఆఫీసు రూములోంచి కేకేసింది.

"రెండు నిమిషాలు మేడమ్. వచ్చి పైన రూములు చూపిస్తా" అని మిస్ వెళ్ళారు.

శ్రీప్రియ మేడమ్ బెంచీ మీద కూర్చుని బోర్డు వైపు చూశారు. నీలం ఊలు వలను వేలితో తాకారు.

"మీరు ఆడేది ఈ ఒక్క బోర్డు మీదేనా?"

రంజిత చెవుల్లో ఆ పెద్ద స్కూల్ పిల్లల నవ్వు మళ్ళీ వినిపించింది.

"లేదు మేడమ్" అంది వెంటనే. "ఇది పాతది. ఇంకా ఆరు ఉండాయి."

పౌడర్ చల్లుతున్న మధుమిత చెయ్యి ఆగిపోయింది.

"అవునా! ఎక్కడున్నాయి?"

"పైన. క్యారమ్ రూము ఉండాది. తాళం వేసి పెడతారు."

"మీకు ఎవరు నేర్పుతారు?"

"జయరామ్ సార్. ఇంకా ఇద్దరు సార్లు గూడా వస్తారు." ఒకసారి మొదలుపెట్టాక మాటలు వాటంతటవే వచ్చేశాయి. "సైన్స్ లాబు గూడా కొత్తది మేడమ్. మాకు ఏమీ తక్కువ లేదు."

మేడమ్ అన్నీ రాసుకున్నారు. వాచీ చూసుకున్నారు. "మాధవరంలో ఇంకో స్కూలుకి వెళ్ళాలి. అన్నీ ఉన్నాయంటే ఇక పైకి వెళ్ళి చూసే పని లేదులే. మీ మిస్‌కి చెప్పండి" అని వెళ్ళిపోయారు.

ఆమె సందు మలుపు తిరగగానే మధుమిత గొంతు పెంచింది. "ఏందే, అట్ట చెప్పినావు? ఆరు బోర్డులు యాడుండాయే?"

"మన స్కూలంటే ఎవరూ నవ్వకూడదు కదా. అందుకే చెప్పినా. సరి, విడు. ఆట మొదలుపెట్టు."

ఆ రోజు రంజిత ఆట ఏమంత బాగా సాగలేదు.

* * *

తర్వాతి సోమవారం, సాయంత్రం ప్రాక్టీసు మొదలయ్యే ముందు, రాజలక్ష్మి మిస్ వరండాలోకి వచ్చారు. పీటీ టీచర్ జయరామ్ సార్ ఆమె వెనకే నిలబడ్డారు. రోజూ నాలుగింటి నుంచి ఐదున్నర దాకా పిల్లలకు క్యారమ్, ఖో ఖో నేర్పేది ఆయనే.

"మీకు నేనే చెప్పాల" అన్నారు మిస్. "జూన్ నుంచి సార్ రారు."

పిల్లలంతా ఒక్కసారి సార్ వైపు చూశారు. సార్ తల దించుకుని జేబులోంచి విజిల్ తీసి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు.

"ఎందుకు మిస్?" అంది మధుమిత.

"మా అందరి జీతం గవర్నమెంటు ఇస్తుంది. పీటీ సార్ జీతం మటుకు మన స్కూల్ కమిటీ ఇవ్వాల. కరెంటు బిల్లుకూ రిపేర్లకూ కమిటీ దగ్గరుండేది చాలడంలేదు. అందుకే ట్రస్టుకు అర్జీ పెట్టినా. వాళ్ళు కాదన్నారు."

మిస్ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

"'మీరు అర్జీలో రాసింది ఒకటి, మీ స్కూల్లో మేం విన్నది ఇంకొకటి' అన్నారు ఆ మేడమ్. ఇరవై ఆరేళ్ళుగా ఈడ ఉండా నేను. ఏ కాగితంలోనూ లేనిది ఉన్నట్టు రాయలేదు. ఆమె ఎందుకట్ట అనిందో నాకు అర్థం కాలేదు."

"పిల్లల ముందు ఎందుకు మిస్, విడండి" అన్నారు సార్. తర్వాత పిల్లలతో నవ్వుతూ అన్నారు, "నేనేమన్నా ఊరు విడిచిపెట్టి పోతా ఉండానా? కొరుక్కుపేటలోనే కదా ఉండేది. రండి, రండి. బోర్డు పెట్టండి."

మధుమిత రంజిత వైపు చూసింది. ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది రంజిత. నోరు తెరిచింది. కానీ మిస్ అప్పటికే ఆఫీసు వైపు వెళ్ళిపోతున్నారు.

ఇంటికి వెళ్ళాక, అవ్వ వేడివేడిగా పునుగులు తెచ్చి ముందు పెట్టింది. రంజిత వాటిని ముట్టుకోలేదు.

"ఏమైంది పాపా? ఒళ్ళు వెచ్చగా ఉండాదా?" అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి తగలగానే రంజితకు ఏడుపు ఆగలేదు. వెక్కుతూ జరిగిందంతా చెప్పేసింది. అవ్వ మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"నేనూ నీ మాదిరే చేసినా తెలుసునా" అంది చివరికి. "పోయినేడాది మోకాలు నొప్పి అని మీ నైనా నన్ను డాక్టర్ దగ్గరికి పిలుచుకుపోయినాడు. ఆయన ఎట్ట ఉండారమ్మా అనగానే, బాగుండాను సామీ అన్నా. చిన్నవాడు, ఆయన ముందు ముసలిదాని మాదిరి మూలగడం ఎందుకని."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమంటాడు? సంతోషం అన్నాడు. సత్తువకని ఏవో బిళ్ళలు రాసి పంపేసినాడు. ఇంకో రెండు నెలలు కుంటినా." అవ్వ మోకాలు రుద్దుకుంది. "మళ్ళీ ఆయన దగ్గరికే పోవాల్సి వచ్చింది. అప్పుడు చెప్పినా, యాడ నొప్పో."

"తిట్టినాడా?"

"తిట్టలే. ముందే చెప్పుంటే బాగుండు కదమ్మా అన్నాడు, అంతే. ఇంద, తిను."

రంజిత కళ్ళు తుడుచుకుని ఒక పునుగు తీసుకుంది.

* * *

మర్నాడు ప్రేయర్ బెల్ కొట్టకముందే రంజిత ఆఫీసు రూము గుమ్మంలో నిలబడింది. అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆరు బోర్డులు, ఇద్దరు సార్లు, కొత్త లాబు.

రాజలక్ష్మి మిస్ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టారు. బయట ఎవరో పాత్రలు దించుతున్న మోత వినిపిస్తోంది.

"ఆ మేడమ్ నేనే అబద్ధం రాసినానని అనుకుంటా ఉండారు. తెలుసునా నీకు?"

"తెలుసు మిస్. అందుకే వచ్చినా."

మిస్ ఫోను తీసి ఒక నంబరు నొక్కి, రంజిత చేతికిచ్చారు. "నేను చెప్తే, ఏదో సర్ది చెప్తా ఉండాననుకుంటారు. నువ్వే చెప్పు."

రంజిత ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"మేడమ్, నేను రంజితను. క్యారమ్ ఆడేది. ఆ రోజు ఆరు బోర్డులు ఉండాయని చెప్పినా కదా... లేవు మేడమ్. మీరు చూసిందొకటే ఉండాది. సార్ గూడా ఒక్కరే. మా మిస్ రాసిందే నిజం."

అటువైపు మేడమ్ కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"మరి ఎందుకలా చెప్పావు?"

"మీరు నవ్వుతారేమో అనుకున్నా."

"గురువారం వస్తాను" అన్నారు మేడమ్. "ఈసారి నాకు స్కూలు చూపించేది నువ్వే. మీ మిస్ రానక్కర్లేదు."

ఫోను పెట్టేశాక కూడా, ఆమెకు కోపం వచ్చిందో లేదో రంజితకు అర్థం కాలేదు.

* * *

గురువారం మేడమ్ వచ్చారు. రంజిత తాళాల గుత్తి పట్టుకుని ముందు నడిచింది.

మొదట పై రూము. పైకప్పు రేకు పగిలి, అందులోంచి ఆకాశం కనిపిస్తోంది. కింద రెండు బకెట్లు. వానకు తడిసి ఉబ్బిపోయిన బెంచీలు ఒక మూలన పేర్చి ఉన్నాయి. "ఏడూ, ఎనిమిదీ ఒకే రూములో కూర్చుంటాం మేడమ్. ఈ రూము వాడడానికి లేదు" అంది రంజిత.

తర్వాత లాబు. నిజానికి అది ఒక బీరువా. అందులో నాలుగు గాజు గొట్టాలు, ఒక భూతద్దం.

కింద వరండా చివర ఒక తలుపు ముందు రంజిత తటపటాయించింది. దీన్ని చూపించకుండా పక్కకు తిరిగిపోవచ్చు. మేడమ్‌కి తెలియదు కూడా. కానీ ఆగి, తలుపు తోసింది.

"ఇది ఆడపిల్లల బాత్‌రూము మేడమ్. గొళ్ళెం లేదు. ఒకరు లోపలికి పోతే, ఇంకొకరు బయట కాపలా ఉంటాం."

మేడమ్ అది నోట్‌బుక్‌లో రాసుకున్నారు. తర్వాత ఆ వాక్యం కింద గీత గీశారు.

చివరికి క్యారమ్ బోర్డు దగ్గరికి వచ్చారు. రంజిత మధ్యలో ఉన్న గుంటను చూపించింది. స్ట్రైకర్‌తో మెల్లగా తోసింది. కాయిన్ గుంట మీదుగా వెళ్ళి, కొంచెం వంకర తిరిగి, సరిగ్గా నీలం ఊలు పాకెట్‌లో పడింది.

"దీని మీద ఆడేనా కప్పు కొట్టారు?"

"అవును మేడమ్. కాకపోతే ఫైనల్లో బోర్డు మంచిది. గుంట లేదు. అందుకే మొదట్లో నాకు రెండు కాయిన్లు తప్పిపోయినాయి."

మేడమ్ పకపకా నవ్వారు. ఆశ్చర్యంగా, ఈ నవ్వు రంజితకు గుచ్చుకోలేదు. ఆమె కూడా నవ్వేసింది.

వెళ్ళేముందు మేడమ్ ఆఫీసు రూములోకి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది. "మీరు రాసినదాన్ని నమ్మలేదు. పైకి వెళ్ళి చూడకుండానే వెళ్ళిపోయాను. తప్పు నాది కూడా. సారీ మిస్" అనడం రంజితకు వినిపించింది.

పదిహేను రోజులకు ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. మిస్ దాన్ని ప్రేయర్‌లో అందరి ముందు చదివారు. పై రూము రేకుకు ఈ ఏడాది వీలుకాదట. ఆ పని వచ్చే ఏడాది చూస్తామన్నారు. బాత్‌రూముకు కొత్త తలుపు, గొళ్ళెం వెంటనే. జయరామ్ సార్ జీతం ఒక సంవత్సరానికి ట్రస్టే ఇస్తుంది.

చివరి మాట పూర్తికాకముందే పిల్లలు అరిచిన అరుపుకు పాత్రల కొట్లవాళ్ళు బయటికి వచ్చి చూశారు. మిస్ కుర్చీలో కూర్చుని, గట్టిగా ఊపిరి వదిలారు. సార్ విజిల్ తీసి ఊదారు, ఎందుకో ఆయనకే తెలియదు. మధుమిత రంజిత భుజం మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం ప్రాక్టీసుకు అందరూ ముందే వచ్చేశారు. జిల్లా పోటీలు ఇంకా పది రోజులే.

"రంజితా, నిన్న నా స్ట్రైకర్ నీకిచ్చినా కదా. యాడ?" అన్నారు సార్.

రంజిత మళ్ళీ తన బ్యాగు వైపు చూసింది. అది సార్ సొంత స్ట్రైకర్. పొద్దుట్నుంచి బ్యాగు మూడుసార్లు దులిపి చూసింది. ఎక్కడా లేదు. 'ఇంట్లో మరిచిపోయినా సార్' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"యాడో పోగొట్టేసినా సార్" అంది.

సార్ ఆమె వైపు ఒక్క క్షణం చూశారు.

"సరి. నిన్న యాడ కూర్చున్నావు?"

"ఆ బెంచీ కాడ."

సార్ ప్యాంటు మోకాళ్ళ మీదికి లాక్కుని బెంచీ కింద దూరారు. మధుమిత అటువైపు నుంచి దూరింది. రంజిత కూడా నేల మీద చేతులు ఆనించి వంగింది. ముగ్గురి తలలూ టప్‌మని ఒకదానికొకటి తగిలాయి.

"అయ్యో!" అన్నారు ముగ్గురూ ఒకేసారి. తలలు రుద్దుకుంటూ, బెంచీ కిందే కూర్చుని నవ్వుకున్నారు.