మంగలి కొట్టుకి తాళం

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు కట్టిపెట్టండి. మీకంటే గోడలు నయం, చెవులున్నాయిగానీ నోరు లేదు.

డేగమ్మ అని ఓ డిటెక్టివ్ ఉండేది. చీమ అబద్ధమాడినా మీసం చూసి పట్టేసేది. పక్కనే అసిస్టెంటు తందాన. ఆవిడ తుమ్మినా "ఆహా, ఏం తుమ్ము" అనేవాడు.

ఓ పొద్దున్న మంగలి భాయి పెళ్ళాం చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, మా ఆయన్ని కొట్లో పెట్టి తాళమేశారు. కిరసనాయిలు కూడా తెచ్చారు."

సంగతేంటంటే, ఆ ఊరి కొండల్లో జిహాద్ అంటూ తుపాకులు పట్టిన ముఠా ఒకటి దిగింది. దేవుడి పేరు చెప్తారు, దొరికినోళ్ళని కాలుస్తారు. నమాజు చేసుకునేవాళ్ళనీ వదల్లేదు. సైనికుల తోడు లేని బస్సు బయల్దేరితే చాలు, కొండ మలుపులో కాసుకుని ఉండేవాళ్ళు. ఊళ్ళోంచి ఎవరో కబురిస్తున్నారు. ఆ పొద్దున్న బస్సు కదలగానే, ఈ వీధిలోంచి కొండ వైపు తళుక్కుమని మెరుపు పోవడం కాపలావాడు చూశాడు. కాసేపటికే బస్సులోవాళ్ళందర్నీ కాల్చేశారు. మెరుపంటే అద్దం, అద్దమంటే మంగలి, పైగా ఆ మతమే. ఇంకేం, తీర్పైపోయింది.

"ఆ బస్సులో మా మరిది కూడా ఉన్నాడక్కా," అందామె. ఏడవడానికైనా టైము లేదు పాపం.

వీధిలో జనం కిటకిటలాడుతున్నారు. అందరికంటే గట్టిగా అరుస్తున్నది బియ్యం కొట్టు మామ. ఓ చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ ఎండి అట్టకట్టింది.

"ముందు టీ తాగుదాం," అంది డేగమ్మ.

తందాన తెల్లబోయాడు. అయినా "ఆహా" అన్నాడు.

ఎదురుగానే టీ బాబాయి కొట్టు. గ్లాసు పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయాయి. అడుగున నిన్నటి ఈగ.

"ఏం బాబాయ్, నీళ్ళ కరువా?"

"కడిగే తీరికేదమ్మా."

డేగమ్మ తలెత్తింది. అతని డాబా మీద ఓ పెద్ద స్టీలు పళ్ళెం, కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. గ్లాసు కింద పెట్టి అందర్నీ పిలిచింది.

"మామా, మెరుపు పోయినప్పుడు ఎక్కడున్నావ్?"

"భాయి కుర్చీలోనే. బస్సు హారన్ విన్నా. ఆ వెంటనే కాపలావాడి కేక."

"ఆ రెంటికీ మధ్య నీ మెడ మీద కత్తి పట్టిన చెయ్యి ఎవరిది?"

మామ చెయ్యి చెంప మీదికెళ్ళింది. నురగ పొడిపొడిగా రాలింది.

"గ్లాసు కడగడానికి తీరిక లేనోడు, ఆ పళ్ళెం ఒక్కటీ అద్దంలా ఎందుకు తోమాడో చూద్దాం," అని డేగమ్మ డాబా ఎక్కింది. పళ్ళేన్ని ఎండకి పెట్టి కొండ వైపు తిప్పింది.

కొండ మీంచి తళుక్కుమని జవాబొచ్చింది.

బస్సు సంగతి విని ఊళ్ళోకొచ్చిన సైనికులు అటు పరిగెత్తారు.

"నా కొట్టు జోలికి రామన్నారు," అన్నాడు టీ బాబాయి. "అంతే అడిగా."

తాళం తీశారు. భాయి బయటికొచ్చాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఒక్కరూ తలెత్తలేదు.

"మా తమ్ముణ్ణి తెచ్చారా?"

బియ్యం కొట్టు మామే వెళ్ళి భాయి కుర్చీలో కూర్చున్నాడు.

"తెస్తున్నారు భాయ్. ఈలోగా ఈ రెండో చెంప కూడా గీసెయ్యవా? సగం గడ్డంతో వాళ్ళ ముందుకెళ్తే పోయినోళ్ళు నవ్వుతారు."