నెత్తురు పలికే తొట్టి

ఆదివారం మధ్యాహ్నం కోవిల్‌పట్టి శివార్లలోని ఆ కాలేజీలో కుక్కలు కూడా నీడ చూసుకుని పడుకుంటాయి. ల్యాబులో మిగిలింది ఇద్దరే. ఒకరు పీహెచ్‌డీ చేస్తున్న శివరంజని, రెండోవాడు యంత్రాలు చూసుకునే ఆనందరాజ్. అతనూ విరుదునగర్‌లో అక్క ఇంటికి బయలుదేరుతున్నాడు. మనసప్పుడే అక్కడి నూనె పరోటా మీదికి వెళ్ళిపోయింది.

"ఇదే చివరి స్కాన్ కదమ్మా," అన్నాడు తమిళంలో. "అయ్యాక ఎలుకను ముగించెయ్. మత్తు పెంచితే చాలు, నిద్రలోనే పోతుంది. పేరూ గీరూ ఏం పెట్టలేదు కదా?"

"లేదన్నా," అని అబద్ధమాడింది.

పెట్టింది. పుదూరు దగ్గర శివరంజని వాళ్ళ తెలుగు ఇళ్ళలో ఒక వాడుక ఉంది. పెద్దవాళ్ళు పోతే ఏడాది తిరిగేలోగా ఇంట్లో పుట్టిన బిడ్డకు వాళ్ళ పేరు పెట్టి పిలవాలి. బిడ్డ లేకపోతే దూడకైనా సరే. పిలిస్తే వస్తారు, వచ్చి అందులో ఉంటారు. ఆ జీవాన్ని మాత్రం మన చేత్తో చంపకూడదు, చంపితే వాళ్ళకు ఉండడానికి ఇల్లు లేకుండా పోతుంది.

శివరంజనిని పెంచిన అవ్వ మాయక్కాళ్ పోయి ఎనిమిది నెలలైంది. ఇంట్లో బిడ్డా లేదు, దూడా లేదు. ఆ మాటకొస్తే ఇల్లే లేదు, హాస్టల్ గది తప్ప. రోజంతా తమిళం, ఇంగ్లీషు. తెలుగులో "తిన్న్యావా" అని అడిగే నాథుడు లేడు. ఒకనాడు ఏడుపాపుకోలేక తెల్ల ఎలుకను "మాయక్కా" అని పిలిచింది. అది తలెత్తి చూసింది. ఆ రోజు నుంచి కష్టం సుఖం దానితోనే. చావు తేదీ ముందే రాసిపెట్టున్న ఎలుకకు అవ్వ పేరు పెట్టడం ఎంత తెలివితక్కువ పనో ఆమెకు తెలియక కాదు. కానీ ఒంటరితనం ముందు తెలివి ఏపాటిది?

ఈ రోజు చంపి, కోసి, లోపలి నాళాలను స్కాన్ బొమ్మతో సరిపోల్చకపోతే మూడేళ్ళ పరిశోధన గంగపాలు.

ఆనందరాజ్ బండి చప్పుడు దూరమయ్యాక తలుపు వేసి, నల్ల తెరలు దించి, దీపాలార్పింది. లేజరు గదిలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటి కాటుకలా ఉంటుంది. మత్తుమందు తియ్యటి వాసన. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో, మూతికి మత్తు గొట్టంతో ఎలుక పడుకుని ఉంది. టిక్ టిక్ మని లేజరు మొదలైంది.

వెలుగు చర్మంలోకి దూరి నెత్తుటిని తాకుతుంది. నెత్తురు చటుక్కున వేడెక్కి, ఉబ్బి, మన చెవికందని శబ్దం చేస్తుంది. తొట్టి చుట్టూ ఉన్న పరికరాలు ఆ శబ్దాన్ని విని తెర మీద రక్తనాళాల బొమ్మ గీస్తాయి. కోత లేదు, గాటు లేదు. నెత్తురున్న చోటే బొమ్మ, వట్టి నీళ్ళున్న చోట నలుపు.

స్కాన్ బ్రహ్మాండంగా వచ్చింది. మెడ దగ్గర నాళం టపటపా కొట్టుకుంటోంది. చూస్తూ చూస్తూ మత్తు మీట తిప్పింది.

"పొయ్యేసి రా అవ్వా," అంది. "నాకు వేరే దారి లేదు."

కొట్టుకోవడం మెల్లగా ఆగిపోయింది. శివరంజని వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడానికి ఆ కాలేజీ మొత్తంలో ఒక్క మనిషి లేడు.

కళ్ళు తుడుచుకుని తెర వైపు చూసింది.

ఎలుక పక్కన, వట్టి నీళ్ళలో... సన్నటి గీత.

గాలిబుడగ అనుకుంది. గీత రెండుగా చీలింది. నాలుగైంది. మణికట్టు... అరచెయ్యి... వేళ్ళు. చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పుల్లలు చట్రానికెక్కించి ఎక్కించి మాయక్కాళ్ వేలు అలాగే వంగిపోయింది. గదిలో ఎక్కడి నుంచో అగ్గిమందు వాసన...

శివరంజనికి పై ప్రాణాలు పైనే పోయాయి. గబగబా దీపం వేసింది. తొట్టిలో చచ్చిన ఎలుక, నీళ్ళు. అంతే. తెర మీద మాత్రం ఆ చెయ్యి నీళ్ళంతా తడుముతోంది. ఆ మూల... ఈ మూల... గుడ్డివాళ్ళు గడప వెతుక్కున్నట్టు.

"అవ్వా... నువ్వేనా?"

చెయ్యి ఆగింది. ఆమె వైపు తెరుచుకుంది.

పారిపోవాల్సింది. కాళ్ళు తలుపు వైపే లాగాయి. కానీ ఎనిమిది నెలలుగా ఆమె చెయ్యి పట్టుకున్న వాళ్ళెవరూ లేరు. కుడిచెయ్యి నీళ్ళలో పెట్టింది.

తెర మీద రెండు చేతులు. చల్లగా... గట్టిగా... ఎవరో పట్టుకున్నారు.

"నా దగ్గరే ఉండవ్వా," అంది గుసగుసగా. "నాకెవురుండారు?"

పట్టు బిగిసింది. ఇంకా బిగిసింది.

"అవ్వా, ఇడ్సు... నొస్తా ఉండాది..."

కెవ్వున అరిచి, ఉన్న బలమంతా పెట్టి చెయ్యి లాగేసుకుంది. వచ్చేసింది. గోడకు జారగిలబడి, చున్నీతో తడి తుడుచుకుంది. వేళ్ళు ఆడుతున్నాయి. నొప్పి కూడా లేదు. హమ్మయ్య అనుకుంటూ తెర వైపు చూసింది.

నీళ్ళలో ఇంకా రెండు చేతులున్నాయి.

తన చెయ్యి వంక చూసుకుంది. నీలి నరం ఒక్కటీ కనబడలేదు. మణికట్టు మీద వేలు పెట్టింది. కింద నొక్కింది, పైన నొక్కింది, మోచేతి దాకా వెతికింది. నాడి లేదు.

తెర మీద, ఒకదాన్నొకటి పట్టుకున్న ఆ చేతులు రెండింట్లోనూ, అది కొట్టుకుంటూనే ఉంది.